యాలక్కి అరటి సీసాలు

మార్చి 26

ఆయన ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చి నెల దాటింది. గుండె రక్తనాళంలో స్టెంటు వేసిన డాక్టరుగారు మేము బయల్దేరేటప్పుడు 'మెల్లగా' అన్నారు. నాకు ఆ ఒక్క మాట చాలు. పడమటి కిటికీలన్నీ మూసేశాను. బుక్కరాయసముద్రంలో ఈ నెల గాలి ఒంటరిగా రాదు, ఎర్రమట్టిని వెంటబెట్టుకుని వస్తుంది. కాలిన మోటార్లకు కొత్త తీగ చుట్టే ఆయన రివైండింగు షాపు తాళంచెవి నా చేతిసంచిలో పెట్టుకున్నాను. ఆయన దగ్గర ఇన్నేళ్ళుగా పనిచేస్తున్న తిప్పేష్‌ను కొన్నాళ్ళు గార్లదిన్నెలో వేరే షాపులో చేసుకోమన్నాను.

అరటి మొక్కలను సీసాల్లో పెంచే ల్యాబులో ప్రతి బొట్టూ రాసిపెట్టడం నా వృత్తి. ఇంటి సంగతులు రాసుకునే చోటు లేక ఈ డైరీ కొన్నాను.

మధ్యాహ్నం మెయిన్ స్విచ్చి ఆపి రావడానికి షాపుకు వెళ్ళాను. వెనక ఉన్న అరటి గుబురు ఎండిపోయింది.

మార్చి 27

నిన్న అంతకుమించి రాయలేకపోయాను.

అది యాలక్కి అరటి, చిన్న తియ్యటి పండ్ల రకం. ఆయన షాపు తెరిచాక చుట్టిన మొదటి మోటారు కణేకల్ రైతు ఎర్రప్పది. ఆ మోటారు బోరులో దిగి నీళ్ళు పోసిన సంతోషంలో, ఎర్రప్ప తన తోటలోని పిలకను గోనెలో చుట్టి తెచ్చి స్వయంగా నాటి వెళ్ళాడు. ఆనాటి నుంచి షాపులో ఒక ఆచారం ఏర్పడింది. బాగుచేసిన మోటారును సిమెంటు తొట్టిలో నీళ్ళలో ముంచి తిప్పి చూస్తారు. బాగా తిరిగితే, బయటికి తీసి దాని మీద ఆ చెట్టు పండు ఒకటి పెడతారు. రైతు ఆ పండు తిన్నాకే మోటారు బండి ఎక్కుతుంది. తొట్టి నుంచి పొర్లిన నీళ్ళే చెట్టుకు నీళ్ళు.

షాపు మూశాం. తొట్టి మూగబోయింది. ఆ సంగతి నాకు తోచనే లేదు.

తిప్పేష్‌ను పిలిపించాను. గడ్డపారతో తవ్వితే, మోడుల మధ్య ఒకే ఒక్క పిలకలో ప్రాణం కనిపించింది.

"మల్లన్నకు ఏమని చెప్తావు వదినా?"

"ఏమీ చెప్పొద్దు. గుండెకు మంచిది కాదు."

"చెప్పకుంటే మంచిదా?"

"తిప్పేష్!"

"సరేలే వదినా. నోరు మూస్కుంటా."

మార్చి 28

పిలకను ల్యాబుకు తెచ్చాను. పొరలు ఒలుస్తూ పోతే చివరకు బొటనవేలంత తెల్లని మొన మిగిలింది. కోసిన అరటి గాలి తగిలితే నల్లబడుతుంది, అందుకే విటమిన్ సి కలిపిన నీళ్ళలో ఉంచాను. ముక్కలు చేసి సీసాల్లో పెట్టాను.

ల్యాబులో మిగతావాళ్ళు తామే చేస్తామన్నారు. ఇది మాత్రం నా చేతులతోనే చేశాను.

సీసాలోని జెల్లీ లాంటి పోషకాన్ని మేము మీడియం అంటాం. ఇరవై ఏళ్ళుగా కలుపుతున్నా ఈ రోజు ఇంకా నెమ్మదిగా కలిపాను. కాల్షియాన్నీ ఫాస్ఫేటునూ చిక్కగా ఉన్నప్పుడు కలిపితే తెల్లగా పేరుకుని అడుగుకు దిగిపోతాయి. ముందు నీళ్ళు, తరువాత ఒకటొకటిగా అవి. ఇనుమును ఊరికే వేస్తే తుప్పులా దిగుతుంది. దాన్ని పట్టి నిలిపే పదార్థంతో కలిపి, వెలుతురు తగలకుండా గోధుమరంగు సీసాలో దాచాలి. మాంగనీసు, జింకు, బోరాన్ చిటికెలో చిటికె. చివరగా విటమిన్లు. నేలలో ఉన్న మొక్క బి1ను తన ఆకుల్లో తానే తయారు చేసుకుంటుంది. సీసాలోని చిన్న ముక్కకు అంత శక్తి ఉండదు, మనమే పెట్టాలి.

సాయంత్రం ఆయనకు కూడా మాత్రలు వరుసగా పెట్టి, రాగిజావ ఇచ్చాను.

"చెట్టు ఎట్లుండాది?" అన్నారు.

"బాగుండాది."

ఏప్రిల్ 2

రోజూ అడుగుతున్నారు. నేను అబద్ధం చెప్పడం లేదు. తల్లి చెట్టు, పిలక, పిలకలోంచి కోసిన ముక్క, శాస్త్రం ప్రకారం ఇవన్నీ ఒకే మొక్క. ఆ మొక్క నా సీసాలో బాగుంది. కాబట్టి చెట్టు బాగుంది.

ఏప్రిల్ 19

పచ్చబడ్డాయి!

"ఈ పొద్దు ఎట్లుండాది?" అని ఆయన అడగడానికి ముందే చెప్పాను. "పచ్చగా ఉండాది."

"ఎండాకాలంలో పచ్చగా ఉండాదా? మొనగత్తె!"

మే 3

నిన్న సుడిగాలి వచ్చింది. ల్యాబు కారిడారు దాకా దుమ్ము. రైతుల కోసం పెంచుతున్న మామూలు అరటి సీసాల్లో కొన్నింట్లో బూజు పట్టింది. అలాంటివి ప్రతి వేసవిలో పోతూనే ఉంటాయి. యాలక్కి సీసాలకు ఆ ప్రమాదం రానివ్వను. మూత చుట్టూ ప్లాస్టిక్ ఫిల్ము బిగించి, దాని మీద మళ్ళీ బిగించి, టేపు వేశాను. ఒక్క సీసా కూడా వదల్లేదు.

ముక్కలు కోసే గదిలో పనిచేసే రామాంజినమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"ఏం మేడమ్, సీసాలకు స్వెట్టర్లు తొడుగుతాండారా?"

"దుమ్ము."

"మా ఆయనకు గూడా ఒకటి చుట్టండి మేడమ్. యాడికీ పోకుండా ఉంటాడు."

గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మే 11

ఆకు విప్పింది. చెప్పాను. రెండు ముద్దల సంగటి తిన్నారు.

మే 17

డాక్టరుగారి దగ్గరికి తీసుకువెళ్ళాను. ఏవేవో చెప్పారు. నేను గుర్తుపెట్టుకున్నవి: ఉప్పు తగ్గించాలి, మాత్రలు మానకూడదు, మెల్లగా.

దారిలో షాపు వీధి వైపు చూసి, "ఒకసారి అట్ల పోయి వస్తామా?" అన్నారు. ఎండ ఎక్కువగా ఉందన్నాను. నిజంగానే ఎక్కువగా ఉంది.

మే 23

ఇంటికి వచ్చేసరికి వంటింట్లో మిక్సీ విప్పి పరిచి ఉంది. నేలమీద కూర్చుని రాగితీగ చుడుతున్నారు. ఎంత శ్రద్ధగా అంటే, నేను వచ్చిన చప్పుడే వినలేదు. కొంచెంసేపు గుమ్మంలోనే నిలబడి చూశాను. పెళ్ళైన కొత్తలో కూడా ఇలాగే చూసేదాన్ని. తీగను వేళ్ళ మధ్య నిమిరి, ఎక్కడ పొర లేచిందో కళ్ళు మూసుకునే చెప్పేవారు.

తరువాత స్క్రూడ్రైవరు తీసి బీరువాలో పెట్టాను.

"ఏమ్మే సరళా, అదన్నా ఇయ్యి. మిక్సీ తిరిగితే నా గుండె ఆగిపోతాదా?"

"కూర్చుని విశ్రాంతి తీసుకోండి."

"విశ్రాంతి తీసుకుని తీసుకుని అలిసిపోతి."

నవ్వుతూనే అన్నారు. ఇంట్లో ఏ లోటూ లేదు. పండ్లు, పాలు, మాత్రలు, ఫ్యాను, టీవీ, అన్నీ చేతికి అందేలా అమర్చాను.

జూన్ 4

యాలక్కి సీసాల్లో మొక్కల మొనలు నల్లబడుతున్నాయి.

కోసిన చోట నల్లబడితే అది అరటి సహజగుణం, మీడియం కూడా మరకపడుతుంది. ఇది అలా కాదు. అడుగు శుభ్రంగా ఉంది. కింది ఆకులు ముదురు పచ్చగా, బొద్దుగా ఉన్నాయి. పెరగవలసిన లేత మొన మాత్రమే కాలినట్టు నల్లబడుతోంది.

ఇది పోతే నేలలో ఇంకేమీ లేదు.

జూన్ 5

మొన చనిపోవడం కాల్షియం లోపానికి గుర్తు. బోరాన్ లోపంలోనూ ఇలాగే ఉంటుంది. నేను పొరపాటు చేశానా? తూకం యంత్రం సరిచూశాను. ఉప్పుల డబ్బాల గడువులు సరిచూశాను. నీళ్ళు సరిచూశాను, ఈ జిల్లా నీళ్ళను ఎప్పుడూ నమ్మకూడదు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

పైగా రైతుల అరటి సీసాల్లోనూ ఇదే గిన్నెలో కాచిన మీడియమే ఉంది. అవి బ్రహ్మాండంగా ఉన్నాయి.

జూన్ 6

"చెట్టు ఎట్లుండాది?"

"బాగుండాది."

"కొత్త ఆకు ఏసిందా?"

పప్పు మాడుతోందని వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి మీద పప్పు లేదు.

జూన్ 9

కాల్షియం పెంచి కొత్త మీడియం చేశాను. బతికిన మొక్కలను అందులోకి మార్చాను. జాగ్రత్తగా ఫిల్ము చుట్టాను, ఈసారి మూడు వరుసలు.

జూన్ 21

ఫలితం లేదు. బోరాన్ పెంచినవీ అంతే. బి1 రెట్టింపు చేసినవి ముదురు ఆకులు వేసి, మొనలు నల్లబడ్డాయి. బాగా తిని మంచం దిగనివాళ్ళలా ఉన్నాయి.

ఇంట్లో కూడా రాగిజావ సగం మిగులుతోంది. విటమిన్ మాత్ర మార్చాలేమో కనుక్కోవాలి.

జూన్ 24

ఆయన ఇప్పుడు అడగడం మానేశారు.

జూన్ 26

ఆదివారం కాకపోయినా తిప్పేష్ వచ్చాడు. గార్లదిన్నె షాపులో ముచ్చట్లు చెప్పి నవ్వించాలని చూశాడు. ఒక రైతు మోటారు కాలిపోయిందని తెచ్చాడట, విప్పితే లోపల కప్ప ఉందట. మామూలుగా అయితే ఈయన దానికి ఇంకో రెండు కథలు కలిపేవారు. ఈరోజు "ఊ" అన్నారు.

వెళ్ళేటప్పుడు తిప్పేష్ గేటు దగ్గర ఆగాడు.

"వదినా, అన్న ఇట్ల నేను ఎప్పుడూ చూడలా. ఒళ్ళు వచ్చినాది, మనిషి తగ్గినాడు."

"తింటున్నారు కదా."

"తిండి సంగతి కాదు వదినా నేను చెప్పేది."

అతనికి ఎలా చెప్పాలి, ఆసుపత్రి బెంచి మీద ఆ రాత్రి నేను ఎలా కూర్చున్నానో. అతనూ పక్కనే ఉన్నాడు కానీ, అతను నేను కాదు.

జూలై 1

అన్ని యాలక్కి సీసాల్లో ఒక్కటి పచ్చగా ఉంది. మొనలో కొత్త ఆకు చుట్ట కట్టింది.

అన్నింటిలోనూ ఉన్న మీడియమే అందులోనూ ఉంది. అదే అర, అదే దీపం. ఎందుకు?

పైకెత్తి చూశాను. అర అంచుకు తగిలి ఫిల్ము ఒక పక్క చిరిగి ఉంది. టేపు కూడా ఊడింది. మూత వదులుగా ఉంది. ఎప్పుడు జరిగిందో ఎవరూ గమనించలేదు.

రైతుల అరటి సీసాలకు ఫిల్ము లేదు. వాటికి నేను చుట్టలేదు, అవి నావి కావు కాబట్టి.

జూలై 2

ఒక్క సీసాను నమ్మి తీర్పు చెప్పకూడదు. మిగిలినవాటిని రెండు భాగాలు చేశాను. సగానికి ఫిల్ము తీసేసి, గాలి వడకట్టి లోనికి వదిలే చిన్న రంధ్రమున్న మూతలు పెట్టాను. సగానికి ఫిల్ము అలాగే ఉంచాను. ఉంచిన సగాన్ని చూస్తే బాధగా ఉంది. కానీ పోల్చడానికి ఉండాలి.

రామాంజినమ్మ అడిగింది. "ఏం మేడమ్, స్వెట్టర్లు విప్పేసినారే? ఉక్కగా ఉండాదా వాటికి?"

"చూద్దాం."

"చూద్దాం, చూద్దాం! మీకు చూడ్డం తప్ప ఇంకొకటి రాదు."

జూలై 18

ఫిల్ము తీసిన సీసాలన్నింట్లో కొత్త మొన. చుట్టి ఉన్నవాటిలో మొనలు చచ్చిపోయాయి.

నాకోసం వివరంగా రాసుకుంటాను. కాల్షియం తనంతట తాను నడవదు. ఆకు గాలిలోకి కొంచెం కొంచెంగా తడిని వదులుతుంది, ఆ తడి స్థానంలోకి అడుగు నుంచి నీళ్ళు ఎక్కుతాయి, ఆ నీళ్ళతోపాటే కాల్షియం పైకి వస్తుంది. ముదురు ఆకులో చేరిన కాల్షియం లేత మొన కోసం వెనక్కి రాదు. కనుక ప్రతిరోజూ కొత్తగా ఎక్కుతూ ఉండాలి. మూత మరీ బిగిస్తే లోపల గాలి తడితో నిండిపోతుంది, ఆకు ఏమీ వదలలేదు, నీళ్ళు ఎక్కవు. ఎంత కాల్షియం పోసినా అడుగునే ఉంటుంది.

మీడియంలో ఏ లోపమూ లేదు. మొదటి రోజు కలిపినదే సరైనది. నేను పెంచినవన్నీ అనవసరం.

లోపల అన్నీ ఉన్నాయి.

జూలై 19

మే నెలలో డాక్టరుగారు చెప్పిన మాట పూర్తిగా ఇదీ: "మెల్లగా పనిలో పడనివ్వండమ్మా. కూర్చుని చేసే పనే కదా, బరువులు ఎత్తకుండా మొదలుపెట్టమనండి. నడవనివ్వండి. ఇంట్లోనే ఉంచితే మనసు చెడుతుంది."

నాకు అప్పుడు వినిపించలేదని కాదు.

జూలై 20

పొద్దున కాఫీ గ్లాసు పక్కన షాపు తాళంచెవి పెట్టాను.

ఆయన దాన్ని చూశారు. గ్లాసు తీసుకున్నారు, తాళంచెవి తీసుకోలేదు.

"దుమ్ము లేస్తాది" అన్నారు.

"లేస్తే లేస్తుంది."

"ఎండ."

"గొడుగు ఉంది."

"మోటారు ఎత్తాల్సి వస్తే?"

"తిప్పేష్ ఎత్తుతాడు. మీరు ఎత్తితే నేను రామాంజినమ్మను పంపిస్తా, ఆమె నోటికి మీరు ఆగలేరు."

అప్పుడు నవ్వారు. ఎన్నాళ్ళకో, గొంతు లోపలి నుంచి వచ్చే నవ్వు.

నాకు భయం వేసింది. ఇంకో మాట మిగిలి ఉంది. షాపు తెరిస్తే వెనక ఏముందో కనిపిస్తుంది. ముందే చెప్పాలని నోరు తెరిచాను. గొడుగు తీసిచ్చి, తిప్పేష్‌కు ఫోను చేశాను. సెలవు పెట్టి వెంట వెళ్ళాను.

అదే రోజు, సాయంత్రం

షట్టరు తిప్పేష్ ఎత్తాడు. ఆయన లోపలికి వెళ్ళలేదు. నేరుగా పక్క సందులోంచి వెనక్కి నడిచారు. నేను ఆయన చేయి పట్టుకోబోయి ఆగాను.

ఎండిన మోడులు ఎలా వదిలేశామో అలాగే ఉన్నాయి. మేము తవ్విన గుంట కూడా. తిప్పేష్ తొట్టి వెనక నక్కాడు.

"నేను చెప్పాల్సింది..." అన్నాను.

ఆయన ఒక మోడును కాలితో తాకి చూశారు. "అంతా పోయిందే. నేను ఒకటన్నా మిగులుతాదేమో అనుకుంటి."

"మీకు..."

"షాపు మూస్తే తొట్టిలో నీళ్ళు యాడివి మే? తొట్టి పొర్లకుంటే ఈ ఊర్లో ఎండాకాలం ఏ చెట్టు బతుకుతాది? ఆమాత్రం నాకు తెల్దా? నువ్వు తాళం ఏసిన దినమే తెలుసు."

"మరి రోజూ ఎందుకు అడిగినారు?"

"నువ్వు చెప్తాంటే బాగుండె. పచ్చగుండాది అంటివి. ఆకు ఇప్పింది అంటివి. నీ మొగం చూస్తే అబద్ధం చెప్పేటట్ల లేదు. ఇదేందప్పా, చచ్చిన చెట్టుకు ఆకు ఎట్ల వచ్చె, అనుకుంటి. నువ్వు యాడనో దాన్ని పెట్టుకోని ఉండావని అర్థమాయె. ఆమేలె ఒకనాడు పప్పు మాడుతాందని లేచి పోతివి. వాసనే రాల్యా. అదీ పాయెనేమో అని, ఇంక అడగలా. అడిగితే నువ్వు ఏడుస్తావని."

తొట్టి వెనక నుంచి తిప్పేష్ అన్నాడు. "నేను చెప్పలా అన్నా. ఒట్టు."

"నీ మొగానికి చెప్పడం గూడానా! గడ్డపార మట్టి కడగకుండా మీ వదిన స్కూటర్ మీద పెట్టి ఇంటికి పంపితివి. అది చాలదా?"

నేను అక్కడే తొట్టి గట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఆయన పక్కన కూర్చున్నారు. దుమ్ము లేచింది. ఇద్దరమూ కళ్ళు మూసుకున్నాము, అది పోయేదాకా.

"అదీ పోలేదు" అన్నాను చివరకు. "సీసాల్లో ఉంది. మొన వేసింది."

జూలై 22

ల్యాబుకు తీసుకువెళ్ళాను. చెప్పులు విప్పించి, తెల్లకోటు తొడిగించాను. అర ముందు నిలబడి సీసాల వైపు చూస్తూ, మోటారు తీగను చూసేటప్పటిలా తల ఒక పక్కకు వంచారు.

"ఇంత సన్నగా ఉండాదే. దీనికి ఏం పెడతావు?"

ఒకటొకటిగా చెప్పాను. ఉప్పులు, ఇనుము, బి1, అన్నీ. ఓపికగా విన్నారు.

"నాకు పెట్టినావే మాత్రలు, అవే గదా?"

"కొన్ని అవే."

రామాంజినమ్మ వెంటనే అందుకుంది. "అన్నా, మీరు అదృష్టవంతులు. వీటికి మూడు వరుసలు చుట్టింది మేడమ్. మీకు ఎన్ని చుట్టిందో!"

ఆయన నన్ను చూశారు. నేను సీసా మూత సరిచేశాను, అది సరిగ్గానే ఉన్నా.

ఆగస్టు 16

వేర్లు వచ్చాయి. సీసాల నుంచి తీసి, జెల్లీ కడిగి, కొబ్బరిపీచు పొడిలో నాటాము. మొదట్లో ప్లాస్టిక్ గుడారం కింద, రోజూ కొంచెం కొంచెంగా అంచు ఎత్తుతూ. నేనే ఎత్తుతున్నాను.

సెప్టెంబరు 9

షాపులో ఆయన ఎక్కువసేపు ఉంటున్నారట. తిప్పేష్ ఫోను చేసి చెప్పాడు. వెళ్ళి తీసుకురావాలని స్కూటరు బయటికి తీశాను. మళ్ళీ లోపల పెట్టాను.

చీకటి పడకముందే వచ్చారు. గోళ్ళ సందుల్లో వార్నిషు. ఆకలిగా ఉందన్నారు.

అక్టోబరు 27

వాన వెలిసిన మరునాడు యాలక్కి మొక్కను పాత గుంట పక్కనే నాటాము. ఆయన గుంట చేశారు, మెల్లగా. తిప్పేష్ మట్టి పూడ్చాడు. చుట్టూ ముళ్ళకంప పెడదామన్నాను. మేకలు రాకుండా కొంచెం చాలు, గాలి ఆడనియ్యి అన్నారు. కొంచెమే పెట్టాము.

మొక్క నాటాక తొట్టిలో దిగిన మొదటి మోటారు గార్లదిన్నె రైతు సుబ్బన్నది. తొట్టిలో ముంచి స్విచ్చి వేశారు. నీళ్ళు గిరగిర తిరిగి, గట్టు దాటి, పాత కాలువ వెదుక్కుంటూ వెళ్ళాయి.

సుబ్బన్న మోటారు మీద చూసి, "ఏమప్పా, పండు ఏదీ?" అన్నాడు.

"చెట్టు ఇప్పుడే పుట్టింది. నీ మోటారు మళ్ళీ కాలబెట్టుకోని రా, అప్పటికి గెల వేసి ఉంటాది."

"అట్లయితే నీ రివైండింగు మంచిది కాదనే గదా!"

"పండు కావాల్నా, మోటారు కావాల్నా?"

"రెండూ కావాల."

నవంబరు 12

ల్యాబులో పని ఎక్కువగా ఉంది. మధ్యాహ్నం షాపుకు ఫోను చేశాను.

"చెట్టు ఎట్లుండాది?"

ఆ పక్క మోటారు చప్పుడు. ఎవరినో కేకేసి ఆపమన్నారు. తరువాత తీరిగ్గా చెప్పారు.

"ఆకు ఇప్పింది."

వెళ్ళి చూడలేదు.